ముప్పై ఆరు డాలర్ల రాగి కాగు

నేను మూడో తరగతి చదువుతుండగా... మలేసియాలో సుంగై సుమున్ దగ్గరి రబ్బరు తోటలో, కూలీల వరుస ఇళ్ళలో ఒకటైన మా లైనింట్లో, నీళ్ళు కాచే రాగి కాగుకి చిల్లు పడింది.

మామూలు రోజుల్లో అయితే అదొక విషయమే కాదు. కానీ అమ్మ తమ్ముణ్ణి కని అప్పటికి ఎనిమిది రోజులు. బాలింతకీ బిడ్డకీ రెండు పూటలా పసుపు, వావిలాకు వేసి మరిగించిన నీళ్ళు కావాలి. అంత పెద్ద పాత్ర ఇంట్లో ఇంకొకటి లేదు.

పక్కింట్లో అడుగుదామా అంటే... పురిటి మైల. పదకొండో రోజు పురుడు అయ్యేదాకా మా గడపలోకి వచ్చిన పాత్ర మళ్ళీ వాళ్ళింటికి పోకూడదు. వాళ్ళు ఇవ్వరు, మేం అడగం.

పట్నంలో కొత్త కాగు ముప్పై ఆరు డాలర్లు. రింగిట్లని అప్పట్లో అందరం డాలర్లనే అనేవాళ్ళం. నాన్న డబ్బాలో సరిగ్గా నలభై ఉన్నాయి... పురుడు భోజనాలకని దాచినవి. మా లైనులో పద్దెనిమిది ఇళ్ళు. ఆ పద్దెనిమిది ఇళ్ళలోనూ మేం పురుడు భోజనం తిన్నాం. ఇప్పుడు మేం పెట్టకపోతే నాన్న నలుగురిలో తలెత్తలేడు.

అందుకని నాన్న రబ్బరు పాలు తెచ్చాడు.

పాలు గీసేవాళ్ళకి ఏది చిల్లు పడినా ఒకటే వైద్యం. చెప్పు, గొడుగు, బకెట్టు... పాలు పూసి ఆరబెడితే అతుక్కుంటుంది. పట్టు బాగా దొరకాలని నాన్న చెట్టు గీసే కత్తితో కాగు మీది చిలుము గీకాడు. గీకిన కొద్దీ రాగి పొరలు పొరలుగా లేచింది... మినపగింజంత చిల్లు వేలు దూరేంత అయింది. నాన్న నా వైపు చూశాడు. నేను నాన్న వైపు చూశాను. లోపలా బయటా మందంగా పాలు పూసి ఎండలో పెట్టాడు.

సాయంత్రం చన్నీళ్ళు నింపి నాయనమ్మకి చూపించాడు.

"సూడమ్మా, సుక్క కారనేదు."

"సెప్పుకి అతికినట్టు నిప్పుకి అతుకుద్దేటిరా?"

"తోట్లో అందరూ సేసీదే గదే..."

"అందరూ సెప్పుల్ని పొయ్యి మీద ఎట్టుకుంతన్నారేటి?" అని నాయనమ్మ లోపలికి వెళ్ళిపోయింది. చిల్లు ఎంత పెద్దదైందో ఆవిడకి తెలియదు.

మర్నాడు పొద్దున స్నానాల గదిలోని పొయ్యిలో పుల్లలు ఎగదోసే పని నాది. ఆ గది గచ్చు మొత్తం ఒక మూల తూముకి వాలుగా ఉండేది, పొయ్యి దగ్గర్నుంచి తూము దాకా గోడ వెంట ఎత్తు గట్టు. నాయనమ్మ ఆ తూము పక్కనే పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, తమ్ముణ్ణి వాటి మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తోంది.

నీళ్ళు మరుగుతున్నాయి... అప్పుడొచ్చింది వాసన. కాలిన రబ్బరు వాసన.

చెప్పాలనుకున్నాను. చెబితే నాన్నకి తిట్లు పడతాయి. తమ్ముడి స్నానం అయ్యేదాకా ఆగితే చాలు... అనుకున్నాను. పుల్లలు వెనక్కి లాగాను. నోరు మాత్రం విప్పలేదు.

అతుకు ఒక్కసారిగా ఊడింది. కాగు పక్కనుంచి నీళ్ళు చిమ్మాయి. నిప్పులు బుస్సుమన్నాయి, గదంతా ఆవిరి. మరిగిన నీళ్ళు వాలు వెంట తూము వైపు పరుగెత్తాయి... నాయనమ్మ కాళ్ళ కిందికి.

ఆ వయసులో, చేతిలో నూనె జిడ్డుతో జారిపోయే బిడ్డతో, ఆవిడ చప్పున లేవలేదు. లేవబోతే బిడ్డ ఆ నీళ్ళలో పడతాడు. అందుకని కదలలేదు. తమ్ముణ్ణి రెండు చేతులతో తల పైకి ఎత్తి పట్టుకుంది.

"ఒలే గుంటా... పిల్లోణ్ణి అందుకో! అందుకోయే ముందు!"

గట్టు ఎక్కి, చేతులు చాపి, వాణ్ణి అందుకున్నాను. ఆ తర్వాతే ఆవిడ అరిచింది.

నాన్న వచ్చి ఎత్తుకునేసరికి రెండు పిక్కలూ బొబ్బలెక్కాయి. తోట ఆస్పత్రిలో కట్టు కట్టించి, మంచం మీద పడుకోబెట్టి, నాన్న పాత కాగుని సైకిలు వెనక కట్టుకుని పట్నం వెళ్ళాడు. పాత రాగికి ఏడు డాలర్లు తగ్గించారు. డబ్బాలో పదకొండు మిగిలాయి. ఆ పదకొండుతోనే పురుడు. వేయించిన సెనగలు, బెల్లం, టీ... అంతే.

ఎదురింటి మావ ఒకడు అననే అన్నాడు. "ఏటి అప్పన్నా, పురుడు కూడెట్టకుండా కాగు సూపిత్తన్నావేటి?"

నలుగురిలో మాట పడని మా నాన్న ఆ రోజు, "సూడు మావా. బాగా సూడు" అన్నాడు.

వాసన ముందే వచ్చిందని నేను ఎవరికీ చెప్పలేదు. నాయనమ్మకీ చెప్పలేదు. ఆవిడ రెండు నెలలు సరిగా నడవలేదు.

మొన్న క్లాంగ్‌లో మా ఇంటి వాటర్ హీటరు కారడం మొదలైంది. మెకానిక్కు చూసి, కొత్తది పెట్టాలంటే మొత్తం పదకొండు వందల యాభై రింగిట్లు, అతుకేస్తే నూట యాభై అన్నాడు. అతుకేస్తే ఇంకో ఏడాది వస్తుందట. మాట చివర ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం 'లా' తగిలిస్తూ మా అమ్మాయి నవ్వింది.

"అతుకే సాలు లా అమ్మా. సెంటు సెంటు లెక్క సూసీదానివి నువ్వే గదా!"

"కొత్తది పెట్టండి" అన్నాను. బేరం కూడా ఆడలేదు. అమ్మాయి నన్ను వింతగా చూసింది. ఎందుకో చెప్పడానికి అప్పుడూ నోరు రాలేదు... ఇక్కడ రాస్తున్నాను, చదువుకుంటుంది.

ఇప్పుడు నీళ్ళు ఎక్కడ కాగుతాయో పిల్లలకి తెలియదు. నీళ్ళు కాగేదాకా పక్కన కూర్చుని కనిపెట్టుకునే మనిషి అక్కర్లేదు. అది మంచిదే. అయినా మీటనొక్కి లోపలికి వెళ్ళే పిల్లల్ని చూస్తే, నేను ఇప్పటికీ తలుపు బయట నిలబడి వాసన చూస్తుంటాను...

మీ ఇంట్లో నీళ్ళు కాచిన పాత్ర ఏది? చివరికి ఏమైంది? ధర గుర్తుంటే అదీ రాయండి. ఎవరికీ చెప్పనిది ఏమైనా ఉంటే, అది ముందు రాయండి.