సీసా అడుగు నీళ్ళు

తొమ్మిదేళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. మింగలేక, కక్కలేక. నా భార్యకు చెప్పలేదు. దేవుడికి కూడా సగమే చెప్పాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను కావలిలో పాత కార్ల మెకానిక్‌ని. ఎక్కువగా అంబాసిడర్లు. ఇంకా ఆ బండ్లు ఎవరి దగ్గరున్నాయని నవ్వకండి, ఉన్నవాళ్ళకు నేనొక్కడినే దిక్కు. అలా అనుకుని తెగ మురిసిపోయేవాణ్ణి. ఆ మురిపెమే నా కొంప ముంచింది. కాదు, నా కొంప కాదు, వేరేవాళ్ళది. చూశారా, మొదలుపెట్టగానే నష్టపోయింది నేనైనట్టు చెప్పుకుంటున్నాను.

జువ్వలదిన్నెకు అవతల ఒక పాలెంలో సోమయ్య అనే ఆయనకు తెల్ల అంబాసిడర్ ఉండేది. సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. పాలెంలో పెళ్ళికూతుర్ని తీసుకురావాలన్నా, నొప్పులొచ్చిన మనిషిని కావలి ఆస్పత్రికి చేర్చాలన్నా అదే బండి. నడిపేది ఆయన తమ్ముడు శీనయ్య. చిన్నప్పుడే తల్లి పోతే శీనయ్యను వదిన రమణమ్మే పెంచింది. పెళ్ళయి పిల్లలు పుట్టినా వాడు ఆమె కలిపి పెట్టిన ముద్ద తినకుండా వేటకు పోయేవాడు కాదట.

ఆ ఏడు తుఫానుకు బండి మూడు రోజులు వానలో నిలబడింది. పెట్రోలు మూతకు ఉండాల్సిన రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. వాన నీళ్ళు ట్యాంకులోకి దిగాయి. బండి దగ్గుతూ, ఆగుతూ నా షెడ్డుకొచ్చింది. కాస్త పెట్రోలు గాజుసీసాలోకి పట్టి కదపకుండా పెట్టాను. మా పనిలో అదే పరీక్ష. నీళ్ళు బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి. రెండు వేళ్ళ మందం తేరుకున్నాయి.

అప్పుడు చేయాల్సింది ఒకటే. ట్యాంకు దించి, కడిగి, ఎండలో ఆరబెట్టాలి. ఊరికే కార్బురేటరు శుభ్రం చేస్తే బండి నడుస్తుంది కానీ అడుగు నీళ్ళు అలాగే ఉంటాయి. గతుకుల రోడ్డులో ఏదో ఒకరోజు కుదుపుకు పైపులోకి వచ్చేస్తాయి. ఇది నాకు తెలియదా? నలుగురికి నేర్పినవాణ్ణి.

ఉప్పుగాలికి ట్యాంకు బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. మొదటిదాని మీదే స్పానర్ జారి వేలి కణుపు చీరుకుపోయింది. ఒళ్ళు మండింది. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం దొరుకుతుందేమోనని ఇన్నేళ్ళూ వెతికాను, దొరకలేదు. స్పానర్ విసిరేసి, కార్బురేటరూ ఫిల్టరూ కడిగి బిగించాను. ఒక్క సెల్ఫుకే ఇంజను అందుకుంది. శీనయ్య బండి తీసుకోవడానికి వచ్చి, ట్యాంకు దించావా అని అడిగాడు. దించి కడిగానులే పో అన్నాను. నా వేలికి కట్టు చూసి పాపం నొచ్చుకున్నాడు.

పన్నెండో రోజు పొద్దున రమణమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఇంకో ఊళ్ళో ఉంది, గంట పడుతుందన్నారు. శీనయ్య వదినను వెనక సీట్లో పడుకోబెట్టి బయల్దేరాడు. బిట్రగుంట చేరకముందే, గతుకుల్లో, బండి రెండు మూడుసార్లు ఎగిరి ఆగిపోయింది. ఎంత తోసినా మళ్ళీ అందుకోలేదు. ఆటో దొరికేసరికి ఆమె పోయింది.

మూడో రోజు పాలెం పెద్దలు కూర్చున్నారు. అక్కడ ఏది జరిగినా ముందు పెద్దల కట్టుబాటు, తర్వాతే మిగతావి. ట్రాక్టరుతో లాక్కొచ్చిన బండిని అందరి ముందూ విప్పమని నన్ను పిలిపించారు. పైపు ఊడదీసి సీసాలోకి పట్టాను.

"ఏంది మేస్త్రీ, అడుగున?" అన్నాడు సోమయ్య.

"నీళ్ళు."

"యాడినించి వచ్చినాయి? ట్యాంకు కడిగినానంటివే?"

నేను నోరు తెరవకముందే శీనయ్య ముందుకొచ్చాడు. "నేనేన్నా. ఆ పొద్దు పెట్రోలు తక్కువుండాదని పడవ క్యాను ఎత్తి పోసినా. తొందర్లో అడుగు చూసుకోలా."

పడవ క్యాన్లలోకి అలల నీళ్ళు పోతాయని, అడుగుది ఎప్పుడూ పోయకూడదని ఆ పాలెంలో చిన్నపిల్లలకూ తెలుసు. అందరూ నా వైపు చూశారు. ఆ నీళ్ళు సముద్రానివో కావో తేల్చడానికి నాకు తెలిసిన దారి ఒకటే. పైనున్న పెట్రోలు వంచేసి, అడుగు నీళ్ళలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను.

పెట్రోలు కంపు. ఉప్పు లేదు. అవి వాన నీళ్ళు. నేను ట్యాంకులో వదిలేసిన నీళ్ళు.

"ఉప్పగా ఉండాయి," అన్నాను.

సీసా ఇటివ్వమని ఒక్కరూ అడగలేదు. మేస్త్రీ మాట మీద వాళ్ళకంత నమ్మకం. శీనయ్య చెయ్యి చాపి ఉంటే ఏం చేసేవాణ్ణి? నిజం చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణని ఇన్నేళ్ళూ నన్ను నేను నమ్మించుకోవాలని చూశాను. వాడు చాపలేదు. ఇసుకలో కూలబడి తల బాదుకున్నాడు. ఆ ఏడుపు నడుమ నేను సీసా వంచేసి, తడిసిన ఇసుక మీద కాలు పెట్టి నిలబడ్డాను.

ఏడాది పాటు శీనయ్య పడవ ఎక్కకూడదని పెద్దలు తీర్పు చెప్పారు. ఏడాది గడిచాక వాళ్ళే రమ్మన్నారు, వాడే ఎక్కలేదు. హార్బరులో ఐసు దిమ్మెలు మోస్తున్నాడు. సోమయ్య మళ్ళీ తమ్ముడితో మాట్లాడలేదు. పోయిన ఏడు మంచాన పడ్డప్పుడు కూడా వాణ్ణి గడప దాటనివ్వలేదు. అలాగే పోయాడు. ఇప్పుడు నేను నోరు తెరిచినా వినాల్సిన మనిషి లేడు.

పోయిన నెల ఆ అంబాసిడర్ మళ్ళీ నా షెడ్డుకొచ్చింది. పాత కార్లంటే మోజున్న ఒకాయన కొని, బాగుచేయమని తెచ్చాడు. బోల్టులకు తుప్పు వదిలే నూనె కొట్టి, టీ తాగి వచ్చాను. అన్నీ ఊడొచ్చాయి. అరగంట పని. ట్యాంకు పక్కనే నేలమీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. రమణమ్మ ప్రాణం ఖరీదు ఒక అరగంట ఓపిక.

శీనయ్య కావలి వస్తే ఇప్పటికీ నన్ను చూసిపోతాడు. పోయిన వారం వచ్చి దించిన ట్యాంకును చూశాడు. "నా తప్పు నీ మీద పడకుండా పోయిందన్నా, అదొక్కటే నాకు నిమ్మళం," అన్నాడు. నేను టీ తెప్పించాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

వాడికి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. పిరికితనమే, ఒప్పుకుంటాను. అయినా రాస్తుంటే గుండె మీద బరువు కాస్త కదిలింది. కదిలినందుకు సిగ్గుగానూ ఉంది. వాడి మీద పెట్టిన బరువు అక్కడే ఉంది కదా. ఈ కాగితాన్ని వాడి చేతిలో పెట్టే ధైర్యం వస్తుందో రాదో. ఇక్కడైతే రాసేశాను.

శీనయ్యా, ఆ నీళ్ళలో ఉప్పు లేదు.