స్టార్ గుర్తు ఉన్నవారు

ఉక్కునగరంలో ఒక చర్చి కమిటీలో సగం మందిని నేను ఒక్క పూటలో చంపేశాను. కత్తి లేదు, రక్తం లేదు, చేతిలో కంప్యూటర్ మౌస్ తప్ప ఏ ఆయుధమూ లేదు. పోలీసులకు ఫోన్ చేసే ముందు కాస్త వినండి. చచ్చినవాళ్ళలో ఒకాయన తర్వాత మా ప్రెస్సుకొచ్చి, నన్ను దెప్పి, టీ తాగి మరీ వెళ్ళాడు.

అప్పట్లో నేను డాబా గార్డెన్స్ సందులో మా సత్తిబాబు మావయ్య ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ చేసేవాణ్ణి. అంతకుముందు ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు చేసి చేసి ఒక గొప్ప జ్ఞానం సంపాదించాను. పట్టిక పేరు పట్టికకు పైన ఉండాలి, గమనిక కింద ఉండాలి, గమనిక అక్షరాలు ఒక పిసరు చిన్నగా ఉండాలి. ఇది తెలిసిన దగ్గర్నుంచి నాకు లోకం మీద చిన్నచూపు మొదలైంది. హోటల్‌కి వెళ్ళినా ఊరుకునేవాణ్ణి కాదు. "ధరలు మారవచ్చు అన్న ముక్క బోర్డుకి కింద రాయాలి గానీ నెత్తిన రాస్తారా" అని సర్వర్‌ని నిలదీసేవాణ్ణి. అతను ఇడ్లీ పెట్టి వెళ్ళిపోయేవాడు.

అలాంటి రోజుల్లో చర్చి సెక్రటరీ కృపానందం గారు వార్షికోత్సవం పుస్తకం పని పట్టుకొచ్చారు. ఆయన స్టీలు ప్లాంటులో షిఫ్టుల మీద పనిచేసే ఉద్యోగి. మావయ్య నన్ను పక్కకు పిలిచాడు.

"బుజ్జీ, ఈ పుస్తకం నువ్వొక్కడివే సెయ్యి. బాగొచ్చిందంటే గాజువాకలో పెడతన్న కొత్త షాపు తాళం నీ సేతికిచ్చెత్తాను. తేడా వచ్చిందంటే మాత్రం జీవితమంతా నువ్వు కాగితాలు కోసుకోడమే."

పుస్తకంలో మూడు పట్టికలున్నాయి. మొదటిది ఇప్పటి కమిటీ సభ్యులది. అందులో స్టార్ గుర్తు ఉన్నవారు షిఫ్టు డ్యూటీ మనుషులు, సాయంత్రం తర్వాతే దొరుకుతారు. రెండోది చర్చి కట్టిన తొలి సభ్యులది. అక్కడ స్టార్ ఉన్నవారు కాలం చేసినవారు. మూడోది వార్షికోత్సవం నాటి ప్రేమవిందుకు సాయం చేసే కుటుంబాలది. అందులో స్టార్ ఉన్నవారు ఇంటి దగ్గర చేపల పులుసు వండి తేవాలి. పేజీకొక పట్టిక, ఒక్కో పట్టిక కింద దాని గమనిక. ఇంతకన్నా తేలిక పని ఉండదు, కాబట్టి దాన్ని నేను బాగుచేయాలనుకున్నాను.

పట్టికలు పొట్టీ పొడుగూ ఉండటంతో గమనికలు ఒక్కో పేజీలో ఒక్కో ఎత్తులో వచ్చాయి. నాకు ఒళ్ళు మండింది. మూడు గమనికల్నీ పట్టికల నుంచి ఊడబీకి, వేరే పెట్టెల్లో పెట్టి, ప్రతి పేజీ అడుగునా ఒకే ఎత్తులో అతికించాను.

"ఎందుకురా ఇడగొట్టేవ్? ఆటి మానాన ఆటిని ఉండనీ," అన్నాడు మావయ్య.

"అందం కోసం మావయ్యా. ఇది నీకు తెల్దు."

ప్రూఫ్ చూసి కృపానందం గారు సంతకం పెట్టేశారు. ప్రింటుకి పంపబోతుంటే మళ్ళీ పరుగున వచ్చారు. "బాబూ, మా పాస్టరు అయ్యగారి ఫొటో మర్సిపోయేం. పట్టికల ముందు ఒక పేజీలో ఏసెయ్యవా?"

వేశాను. ఒక్క పేజీయే కదా. ఫొటో లోపలికి రాగానే పట్టికలు మర్యాదగా తలో పేజీ వెనక్కి జరిగాయి. గమనికలు మాత్రం ఉన్నచోటే కూర్చున్నాయి. నేనే ఊడబీకాను కాబట్టి వాటికి ఏ పట్టికతోనూ చుట్టరికం లేదు. ప్రూఫ్ ఒకసారి చూశాం కదా అని నేను మళ్ళీ చూడలేదు.

విందుకు వారం ముందు, ఆదివారం ఆరాధన అయ్యాక పుస్తకాలు పంచారు. సోమవారం పొద్దున్నే నాకు ఫోన్.

"బాబూ, నాను కృపానందాన్ని. నాను సచ్చిపోయి ఎన్నాల్లయిందో కూంత సెప్తావా?"

"అదేటి సార్, అలాగంటారు?"

"నాననలేదు బాబూ. నువ్వే అచ్చేసేవ్."

పుస్తకం తీశాను. 'పట్టిక 1: ప్రస్తుత కమిటీ సభ్యులు' అని పైన నేను ముచ్చటపడి పెట్టిన లావు అక్షరాలు. కింద, చక్కటి చిన్న అక్షరాల్లో, 'స్టార్ గుర్తు ఉన్నవారు ప్రభువునందు నిద్రించినవారు.' తర్వాతి పేజీలో తొలి సభ్యులు. కాలం చేసినవాళ్ళందరికీ స్టార్లు, కింద 'స్టార్ గుర్తు ఉన్నవారు విందుకు చేపల పులుసు వండి తేవాలి.' నిజంగా పులుసు తేవలసినవాళ్ళ పేజీలో స్టార్లున్నాయి, గమనికే లేదు. షిఫ్టు డ్యూటీ గమనిక అయ్యగారి ఫొటో కింద కూర్చుంది. ఆయన స్టీలు ప్లాంటులో ఎప్పుడు చేరారని అప్పటికే నలుగురు అడిగారట.

మధ్యాహ్నానికి కృపానందం గారు ప్రెస్సుకే వచ్చేశారు.

"వాట్సాప్‌లో ఎవడో ఆ పేజీ ఫొటో పెట్టేడు. తగరపువలస నుంచి మా బావమరిది పూలదండ అట్టుకుని బస్సెక్కి వచ్చీసేడు. తలుపు నానే తీసేను. 'బావా, నువ్వున్నావా' అన్నాడు. 'ఉన్నాను, కూకో' అన్నాను. దండకి డబ్బులయ్యాయని ఆడికి నా మీద కోపం."

మావయ్య గబగబా టీ తెప్పించాడు. "సవరణ సీటీ ఒకటి ఏసి పంచేద్దాం సార్."

"ఆ సీటీ ఎవరు సేత్తారు?"

మావయ్య నా వైపు చూశాడు.

"వద్దు," అన్నారు కృపానందం గారు. "పులుసు తెచ్చేవోలకి నానే ఫోన్ సేసుకుంటాను."

చేశారు. కానీ మీరే చెప్పండి, నిన్ననే అచ్చులో పోయిన మనిషి నంబరు నుంచి ఫోనొస్తే ఎవరెత్తుతారు? ఒకావిడ ఎత్తి, ఆ గొంతు విని, ప్రార్థన మొదలుపెట్టి, ఫోన్ కట్ చేసేసిందట. మిగతావాళ్ళు అంత ధైర్యం కూడా చేయలేదు.

"ఆదివారం నువ్వూ ఎల్లు," అన్నాడు మావయ్య. "పులుసు లేకపోతే ఆల ముందు నిలబడాల్సింది నువ్వే. గాజువాక సంగతి మర్సిపో."

వెళ్ళాను. గేటు దగ్గర కృపానందం గారు వచ్చిన ప్రతివాళ్ళకీ చెయ్యి గట్టిగా నొక్కి మరీ కలుపుతున్నారు, ఒంట్లో వెచ్చదనం ఉందని తెలియడానికి. లోపల బల్ల మీద అన్నం, పప్పు, పెరుగుపచ్చడి. మూడో పట్టికలోని స్టార్ కుటుంబాలు చేతులూపుకుంటూ వచ్చాయి. ఒకాయన నా భుజం తట్టి, "మా పేరుకి స్టారెట్టేవ్, సంతోషం బాబూ," అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ నాకు.

అంతలో గేటు ముందు ఒక ఆటో ఆగింది. దాని వెనక ఇంకోటి. మూత కట్టిన గిన్నెలు దిగాయి. వంజరం పులుసు వాసన చర్చి ఆవరణంతా కమ్మేసింది. ముందు దిగిన పెద్దావిడ నేరుగా కృపానందం గారి దగ్గరికి వచ్చింది. తొలి సభ్యుల్లో ఒకాయన కోడలట.

"మా మావగారి పేరున పులుసు రాసేరు గదా బాబూ. బతికున్నన్నాల్లూ ఏ విందుకీ సెంచాడు ఉప్పు తేలేదు. ఇన్నాల్లకి అడిగేరు, కాదంటే బాగోదని వండీసేం."

ఒక్కరు కాదు. కాలం చేసినవాళ్ళ ఇళ్ళ నుంచి ఒక్కటీ తప్పకుండా అందరూ తెచ్చారు. పులుసు మిగిలి, గిన్నెల్లో ఇళ్ళకు కూడా పంచారు. స్టార్ కుటుంబాలు రెండుసార్లు వడ్డించుకున్నాయి.

కృపానందం గారు విస్తరి ముందు కూర్చున్నారు. ముల్లు తీసి పక్కన పెట్టి, మెల్లగా నాతో అన్నారు. "ఏటేటా బతికున్నోల పేర్లే ఏసేవోన్ని. సగం మంది తెచ్చేవోరు కాదు. వచ్చే ఏడు పుస్తకం కూడా నువ్వే సెయ్యి బాబూ. ఆ తప్పు మాత్రం దిద్దకు."

వచ్చే ఏడు పుస్తకం కూడా మనదేనని విని, మర్నాడు మావయ్య గాజువాక షాపు తాళం ఇచ్చాడు. దానికి 'గాజువాక' అని రాసిన చీటీని పురికొసతో ఐదారు ముళ్ళు వేసి కట్టాడు. "సూసేవా? దేని సీటీ దానికే కట్టుండాల," అన్నాడు.

కనుక పాఠకుల సాక్షిగా, ఆ తాళం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. అందం కోసమని గానీ, అహంకారం కొద్దీ గానీ, ఇక ఏ గమనికనూ దాని పట్టిక నుంచి విడదీయను.*

* ఈ ప్రమాణం కృపానందం గారి పుస్తకానికి వర్తించదు.