పుటిత్ అబీ వంతు నీళ్లు

మా ఏరు లోయ తల దగ్గర మంచుగడ్డల కింద నుంచి వస్తుంది. కొంతదూరం బూడిదరంగు బండల కింద కనపడకుండా పారి, జడలబర్రెలు మేసే పచ్చికలో మూడు పాయలై, మళ్లీ ఒక్కటై, ఊరి పైనున్న రాతికట్ట దగ్గర కాలువల్లోకి మళ్లుతుంది. అక్కడ ఎవరి వంతు నీళ్లు వాళ్లకు వదిలే పని పన్నెండేళ్లు మోటుప్‌ చేశాడు. సొంత అన్నకైనా చుక్క ఎక్కువ ఇవ్వడని పేరు.

ఒక వేసవిలో మబ్బులు వీడలేదు, పైన మంచు కరగలేదు. ఏరు చీలమండల లోతుకు దిగింది. నీళ్లు చాలక మోటుప్ బార్లీ చేను పసుపెక్కింది. ఆ రోజు వంతు పుటిత్ అబీది. అబీ అంటే మా మాటలో అవ్వ. వెనకా ముందూ ఎవరూ లేని ముసలామె. ఆమె ఇంట్లో మజ్జిగ చిలుకుతుండగా మోటుప్ నాలుగు మట్టిపెళ్లలు తొలగించి, నీళ్లు తన చేలోకి తిప్పుకున్నాడు.

సాయంత్రం ఆమె కట్ట దగ్గరికి వచ్చింది.

"నా కాలవలో బురదే మిగిలింది నాయనా. నీ తప్పేం లేదులే. మొన్న ఊటలో నెయ్యి గిన్నెలు కడిగాను. నీళ్లను కాచే నాగులకి కోపమొచ్చిందేమో."

మోటుప్ తల దించుకున్నాడు. "అదే అయ్యుంటుంది అబీ," అన్నాడు.

మర్నాడు ఆమె నాగులకి పెట్టడానికి పిండి, వెన్న మూటగట్టుకుని ఏరు పుట్టే చోటికి బయలుదేరింది. దారి మంచిది కాదని మోటుప్ తోడు వెళ్లాడు. పాయ పాయకీ చెయ్యి పట్టి దాటించాడు.

"నువ్వు లేకపోతే నాలాంటిదానికి దిక్కెవరు?" అందామె.

మంచు అంచున రాతిమీద పిండి పెట్టి, నేలకు నుదురు ఆనించింది. "బుద్ధిలేని ముసలిదాన్ని, క్షమించండి నాగతల్లులారా!"

మోటుప్ ఆమె భుజం పట్టుకున్నాడు. "లే అబీ. గిన్నెలు కాదు. నీళ్లు నేనే తిప్పుకున్నాను."

ఆమె లేచి అతని ముఖంలోకి చూసింది. "మరి నిన్న అదే అయ్యుంటుందన్నావే?"

ఆమె వంగి మోకాళ్లకంటిన మట్టి దులుపుకుంది.

"ఈ మోకాళ్లతో ఇంత ఎత్తు ఎక్కించావు. దారిలోనైనా చెప్పబుద్ధి కాలేదా?"

దిగేటప్పుడు ఆమె అతని చెయ్యి అందుకోలేదు. కర్రతో తడుముకుంటూ పాయలన్నీ తనే దాటింది.

ఊళ్లో అందరి ముందూ మోటుపే తన తప్పు చెప్పుకున్నాడు. మిగతా వేసవంతా తన వంతులు ఆమెకే వదిలాడు. ఆమె చేను సగం బతికింది, అతనిది పూర్తిగా ఎండింది. మరుసటేడు నీళ్లు వదిలే పనికి పెద్దలు మళ్లీ పిలవడానికి వెళ్తే గుమ్మం దాటి రాలేదు.

"పుటిత్ అబీయే నీ పేరు చెప్పిందిరా," అన్నారు వాళ్లు.

అది విని ఇంకా కుంగిపోయాడు.

ఇప్పుడు ఆ పని నాది. ఏ కాలువకు ఎంతసేపని అడిగితే మోటుప్ ఓపిగ్గా చెబుతాడు. కట్ట దాకా రమ్మంటే మాత్రం రాడు.