దుప్పటి వెనక స్పీకర్లు

సినిమా హాళ్ళ బయట డీటీఎస్ అని పెద్ద అక్షరాలతో బోర్డులు కట్టడం మొదలైన రోజుల్లో, మా పశ్చిమ గోదావరి హాళ్ళలో తెర వెనక ఉండే పాత స్పీకర్లు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. కొన్ని హాళ్ళవాళ్ళు కొత్తవి పెట్టుకుని పాతవి తీసేశారు. కొన్ని హాళ్ళు కల్యాణ మండపాలైపోయి, తెరతో పాటు వీటినీ వదిలించుకున్నాయి. అలా వదిలించుకున్నవాటిని ఇంటికి మోసుకొచ్చిన వెర్రివాణ్ణి నేను. అప్పట్లో భీమవరం దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. మిగతా పాఠాలు ఎలా పరిగెత్తించినా, ధ్వని పాఠం మాత్రం రెండు వారాలు సాగదీసేవాణ్ణి. పిల్లలు పాపం ఏమీ అనేవారు కాదు.

మొదట దొరికింది పక్క ఊళ్ళో కాలవ గట్టు మీద ఉండే హాలుది. చెక్క పెట్టె నా భుజం దాకా వచ్చేది. లోపల పదిహేనంగుళాల స్పీకరు, పైన ఇనప హారను, ఆ హారను నోట్లో తేనెపట్టులో ఉన్నట్టు గదులు. బొంబాయిలో తయారైందని వెనక రేకు మీద రాసి ఉంది. ధాన్యం బస్తాలు దింపి ఖాళీగా వస్తున్న ట్రాక్టరు మీద వేయించి తెచ్చాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి దాని చుట్టూ ఒకసారి చూసి, "బీరువా బాగానే ఉంది, తలుపు ఎటు వైపండీ?" అంది.

రెండోదాన్ని కోనసీమ నుంచి తెచ్చాను. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కించి నరసాపురంలో దింపాం. సముద్రపు గాలికి దాని ఇనుము పొరలు పొరలుగా లేచిపోయింది. పంటు మీద ఒకాయన అదేంటని అడిగాడు. చెప్పాను. "పాడైపోయిందాండి?" అన్నాడు. లేదు, బాగా పలుకుతుందన్నాను. "మరెందుకు ఇచ్చేశారండి?" అన్నాడు. మూడోది రాజమండ్రిలో మూతపడ్డ పాత హాలుది, అసలు సిసలు విదేశీ సరుకు. అది నాదైన రోజున నాకు కాలు నిలవలేదు. మూడూ చేరాక మా ముందు గదిలో వచ్చిన చుట్టాలు పక్కకి తిరిగి నడవాల్సి వచ్చేది.

మొదటి పెట్టె తెచ్చిన మూడో రోజున ఒక పెద్దాయన మా ఇంటి ముందు సైకిలు దిగారు. "మా స్పీకరు మీ దగ్గరుందంటండి. ఒకసారి చూసి పోదామని వచ్చాను," అన్నారు. కాలవ గట్టు హాల్లో ముప్పై ఏళ్ళు ప్రొజెక్టర్ నడిపిన ఆపరేటరు ఆయన. ఆ హాలు మూసేశాక మా ఊరి హాల్లో అదే పనికి కుదిరారు. లోపలికి వచ్చి, పెట్టె వెనక్కి వెళ్ళి, వంగి కాగితం కోను మీద వేలితో మెల్లగా తట్టారు. "ఎలకలు కొట్టలేదు. బాగా చూసుకోండి," అన్నారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున్న ఎనిమిదికల్లా వచ్చేవారు. మొదటి ఆట వేళకి సైకిలెక్కి వెళ్ళిపోయేవారు.

మూడు స్పీకర్లున్న చోట ఏది గొప్పదనే గొడవ రాక తప్పదు కదా. ఎదురుగా కనపడే పెట్టెను బట్టి చెవి మాట మార్చేస్తుంది, అందులో నా చెవి మరీను. అందుకని గదిలో అడ్డంగా దండెం కట్టి, దాని మీద డబుల్ దుప్పటి వేసేవాణ్ణి. స్పీకర్లు దుప్పటి వెనక, వినేవాళ్ళు ముందు. నేను వెనక కూర్చుని తీగలు మార్చి ఒకటి, రెండు, మూడు అని అరిచేవాణ్ణి. ఏ అంకె ఏ పెట్టెదో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. బిగ్గరగా మోగినదే బాగుందనిపించడం మనుషులందరికీ ఉన్న రోగం కాబట్టి, మూడూ ఒకే స్థాయిలో మోగేలా మీటరు పెట్టి సరిచేసేవాణ్ణి. ఎప్పుడూ అవే మూడు క్యాసెట్లు వేసేవాళ్ళం. ఒకటి నాదస్వరం, ఒకటి హరికథ, ఒకటి టీ కొట్లలో రోజంతా మోగే సినిమా డైలాగుల క్యాసెట్టు.

పాటకీ వాయిద్యానికీ రాజమండ్రి పెట్టెను మించింది లేదని నేను నోటుబుక్కులో రాసుకున్నాను. కోనసీమది ముక్కుతో మాట్లాడేది. ఆపరేటరు గారు మాత్రం మనిషి మాట దగ్గరే పట్టు పట్టేవారు. "పాట ఎందులో పెట్టినా పాటేనండి. మాట తెలియాలి," అనేవారు. హరికథ వేసినా డైలాగులు వేసినా, నేను అంకెలు ఎన్నిసార్లు తారుమారు చేసినా, ఆయన వేలు చూపించేది కాలవ గట్టు హాలు పెట్టెకే. పదిసార్లు పెడితే తొమ్మిదిసార్లు అదే. ఆయన దుప్పటికి ఎదురుగా వేసిన కుర్చీలో కూర్చునేవారు కాదు. స్టూలు తీసుకుని వరండా గుమ్మం దగ్గర వేసుకునేవారు. అక్కడ గాలి తగులుతుందనేవారు. వరండాలో మా ఆవిడ లేసు అల్లుకుంటూ ఉండేది. ఆవిడది నరసాపురం, చేతిలో సూది లేకుండా కూర్చోవడం ఆవిడకి చేతకాదు.

అలా ఏడాది గడిచాక మా ఊరి హాలు ఓనరు కూడా డీటీఎస్ పెట్టాలనుకున్నాడు. ఆయనకి రైస్ మిల్లు ఉంది, రొయ్యల చెరువులు ఉన్నాయి, వాళ్ళబ్బాయి నా దగ్గర చదివాడు. ఒక సాయంత్రం మిల్లుకి పిలిపించి కుర్చీ వేయించాడు. "మాస్టారూ, పెద్దాయన్ని మీరు ప్రతి వారం చూస్తున్నారు కదండీ. కొత్త సౌండు ఆయన చేతిలో పెట్టమంటారా? ఆయన చెవులు బాగానే ఉన్నాయాండి? మీరెలా చెబితే అలాగే," అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. స్పీకర్ల విషయంలో నా మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆదివారం చూసి చెబుతానన్నాను. ఒక మనిషి బతుకుతెరువు నా నాలుక మీద పెట్టారని ఆ క్షణంలో నాకు తట్టలేదు.

కాలేజీ ల్యాబు నుంచి సిగ్నల్ జనరేటరు తెచ్చాను. అది సన్నటి కూత వేస్తుంది, మీట తిప్పేకొద్దీ కూత ఇంకా సన్నబడుతుంది. ఆదివారం ఆయన వచ్చాక, "ఏ పెట్టె ఎంతవరకు కూస్తుందో చూద్దామండి. వినపడినంతసేపూ చెయ్యెత్తి ఉంచండి," అన్నాను. అది అబద్ధం. చూస్తున్నది పెట్టెని కాదు. ఆయన బడిపిల్లవాడిలా చెయ్యెత్తారు. సగం కూడా రాకముందే దించేశారు. ఇంకా తిప్పాను. కూత నా చెవుల్లో సూదిలా దిగుతోంది. వరండాలోంచి మా ఆవిడ "ఆ కూత ఆపుతారా లేదా!" అని కేకేసింది. ఆయన మాత్రం, కూత ఎప్పుడో ఆగిపోయిందనుకుని నా వైపు చూస్తూ కూర్చున్నారు.

సోమవారం మిల్లుకి వెళ్ళి చెప్పాను. చెప్పి ఊరుకుంటే నేను నేను కాదు కదా, గ్రాఫు కాగితం మీద గీత గీసి మరీ ఇచ్చాను. ఆయనకి ఇక్కడి దాకా వినపడుతుంది, ఇక్కడి నుంచి వినపడదు అని ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టాను. చెవులు అంత పోయిన మనిషి దుప్పటి వెనకున్న పెట్టెను తొమ్మిదిసార్లు ఎలా పట్టుకున్నాడని ఒక్కసారైనా ప్రశ్న రావాలి. పిల్లలెవరైనా అలాంటి రికార్డు రాసుకొస్తే, మళ్ళీ చేసుకు రమ్మని పుస్తకం వెనక్కిచ్చేవాణ్ణి. నా పని దగ్గరికి వచ్చేసరికి ఆ శ్రద్ధ లేదు.

తరువాతి ఆదివారం ఆయన మామూలుగానే వచ్చారు. ఓనరు ఇంకా ఏమీ చెప్పినట్టు లేదు. నేను దుప్పటి వెనక చేరి హరికథ వేసి అంకెలు అరిచాను. ఆయన ఏదీ తేల్చలేకపోయారు. ఒకసారి రెండు అన్నారు, ఒకసారి మూడు అన్నారు. చివరికి వరండా వైపు చూసి, "అమ్మగారు ఊళ్ళో లేరాండి?" అని అడిగారు.

"లేదండి, వాళ్ళక్కతో పిఠాపురం వెళ్ళింది," అన్నాను.

"అయితే ఈ వారం వదిలెయ్యండి. నాకు తెలీదు."

"స్పీకర్లకీ మా ఆవిడకీ ఏంటండి సంబంధం?" అన్నాను. ఆయన దాపరికం లేకుండా చెప్పారు.

"క్యాబిన్లో రెండు మిషన్లు గడగడలాడుతుంటే హాల్లో సౌండు ఏం వినపడుద్దండి? పాతికేళ్ళ కిందటే నా చెవులు సగం పోయాయి. అద్దం కన్నంలోంచి నేల టికెట్టు వాళ్ళ తలకాయలు చూసేవాణ్ణండి. మాట అర్థమైతే తల కదలదు. అర్థం కాకపోతే పక్కోడి వైపు తిరుగుద్ది, ఏమన్నాడ్రా అని. పది తలలు తిరిగాయంటే సౌండు తేడా వచ్చిందన్నమాట. అప్పుడు ఏది తగ్గించాలో ఏది పెంచాలో చేతికి తెలుసండి. మీ ఇంట్లో నేల టికెట్టు లేదు కదా. అమ్మగారున్నారు. మాట తేటగా ఉంటే ఆవిడ హరికథలో పడి సూది ఆపేస్తారు, లెక్క తప్పి వరస విప్పుకుంటారు. మాట తేటగా లేకపోతే అల్లుకుంటూ పోతారు."

ఆయన చెవులు సగం పోయాయన్నది నిజమే, నేను గీసిన గీత తప్పు కాదు. కానీ మా జిల్లాలో హాలు నిండా జనాన్ని పెట్టి మాట తెలిసేలా సౌండు పెట్టగల మనిషి ఎవరంటే ఈయనే. నేను ఓనరుకి ఇచ్చిన కాగితంలో ఆ సంగతి లేదు. ఆయన సైకిలెక్కగానే నేను స్కూటరు తీసి మిల్లుకి పోయాను.

ఓనరు నన్ను చూసి నవ్వాడు. "మీరే కదండీ చెప్పారు మాస్టారూ. కాయితం మీద గీత గీసి కూడా ఇచ్చారు. కొత్త సిస్టంతో వచ్చిన కుర్రాణ్ణి మాట్లాడేశానండి. పెద్దాయన్ని పంపెయ్యలేదు, గేటు దగ్గర టికెట్లు చింపమన్నాను," అన్నాడు. నేను తలకాయల సంగతి చెప్పాను. చెబుతుంటే నాకే అతకనట్టు అనిపించింది. "తలకాయలు చూసి సౌండు పెడతారాండి?" అన్నాడాయన. వెక్కిరింతగా కాదు, నిజంగానే అడిగాడు. నేను గ్రాఫు మీద గీయగలిగిందే ఆయన నమ్మాడు, ఇది గీయడానికి నా దగ్గర కాగితం లేదు.

కొత్త సౌండు మొదలైన రోజు నేను నేల టికెట్టు కొనుక్కుని వెళ్ళాను. పాట వచ్చినప్పుడు గుండెలు అదిరాయి, జనం ఈలలు వేశారు. మాటలు వచ్చేసరికి నా ముందు వరసలో తలలు ఒక్కొక్కటే పక్కకి తిరిగాయి. అంతకు ముందు వందల సినిమాలు చూశాను కానీ జనం తలలు చూడడం అదే మొదలు. వెనక్కి తిరిగి గేటు వైపు చూశాను. కర్టెన్ పక్కన ఆయన నిలబడి ఉన్నారు. తెరను కాదు, జనాన్ని చూస్తున్నారు. కుడి చేతి రెండు వేళ్ళు కలిపి గాలిలో ఏదో మీట ఉన్నట్టు కొంచెం తిప్పారు, మళ్ళీ కొంచెం తిప్పారు. నాకు చాలా సిగ్గుగా అనిపించింది.

ఇంటర్వెల్లో టీ కొట్టు దగ్గర నన్ను చూసి ఆయనే వచ్చారు. "ఎవరో నా చెవుల సంగతి ఓనరు గారికి చెప్పారంటండి. కాయితం కూడా ఇచ్చారంట. మీరంటే ఆయనకి గురి మాస్టారూ, మీరొక మాట చెప్పి చూడండి," అన్నారు.

"ఆ కాయితం ఇచ్చింది నేనేనండి," అన్నాను. మెల్లగా అన్నాను. చుట్టూ జనం గోల. ఆయన నా మొహంలోకే చూస్తున్నారు. వినపడలేదనుకున్నాను. ఆ మాటే గట్టిగా, దాదాపు అరిచినట్టు, మళ్ళీ చెప్పాను. టీ తాగుతున్నవాళ్ళందరూ మా వైపు తిరిగారు.

"మొదటిసారే తెలిసిందండి," అన్నారాయన. "మీ మొహం చూస్తూనే ఉన్నాను కదా."

బెల్లు కొట్టారు. ఆయన గ్లాసు కింద పెట్టి రెండడుగులు వేసి ఆగారు. "ఆ రోజు కూత పెట్టి చెయ్యెత్తమన్నారు చూడండి, అప్పుడు నన్నే అడిగుంటే సరిపోయేదండి. నేను చెప్పేవాణ్ణి కదా," అని, కర్టెన్ ఎత్తి పట్టుకోవడానికి గేటు దగ్గరికి వెళ్ళిపోయారు.

ఏడాది పాటు ప్రతి ఆదివారం నా ఎదురుగా కూర్చున్న మనిషిని ఆ మాట అడగాలని నాకు తోచనే లేదు.