రాయచెర్లులో పనిచేయని సూత్రం

లెక్క తప్పినవాళ్లు లోకంలో కోట్లమంది ఉంటారు. లెక్కల సూత్రమే తప్పని మేష్ట్రుతో వాదించి, క్లాసంతా చూస్తుండగా నేలమీద గొంతుకూర్చుని పరువు పోగొట్టుకున్నది మాత్రం మా రాయచెర్లులో నేనొక్కదాన్నే. ఆ ఘనకార్యం చెబుతాను, నవ్వుకోండి.

అప్పుడు నేను ఎస్సెస్సెల్సీ, అంటే పదో తరగతి. లెక్కల మేష్ట్రు ఇంటిపని ఇచ్చాడు: ఊళ్లో ఎక్కడైనా ఒక లంబకోణ త్రిభుజం వెతికి, మూడు భుజాలూ మీరే కొలిచి, చిన్న భుజాల వర్గాలు రెండూ కూడితే పెద్దదాని వర్గం వస్తుందన్న సూత్రం సరిపోతుందో లేదో చూసి రండి. బాగా చేసిన ఒక్కరిని పావగడలో తాలూకా లెక్కల పోటీకి పంపుతానన్నాడు. ఆ ఒక్కరు నేనేనని నాకు నేనే తీర్మానించుకుని, పోటీకని రిబ్బన్లు కూడా ఉతికి ఆరేసుకున్నాను.

మా అమ్మ సోలార్ పార్కులో పలకలు కడిగే పనికి వెళ్లేది. వాలుగా నిలబడ్డ పలక, కింద నేల, పక్కన ఎత్తు. ఇంతకన్నా మంచి త్రిభుజం ఎక్కడ దొరుకుతుంది? కాకపోతే కంచె లోపలికి నన్ను రానివ్వరు. నిజం చెప్పాలంటే, రానిచ్చినా ఆ ఎండలో నేను వెళ్లేదాన్ని కాదు.

"మా, ఈ మూడు దారాలు తీసుకో. పలక పొడుగు ఒకటి, దాని కింద నేల ఒకటి, కింది అంచుకన్నా పై అంచు ఎంత ఎత్తులో ఉండాదో ఒకటి. కొలిచి తెంపుకొని రా."

"పలకలు కడిగేదా, నీ దారాలు తెంపేదా?"

"సందు దొరికినప్పుడు కొలువు మా. తొందరేం లేదు."

ఆ చివరి మాటే నా కొంప ముంచింది.

సాయంత్రానికి దారాలు వచ్చాయి. స్కేలు పెట్టి చూస్తే నూట ఎనభై, తొంభై, ఇరవైరెండు సెంటీమీటర్లు. చిన్నవాటి వర్గాలు రెండూ కూడితే పెద్దదాని వర్గంలో మూడోవంతు కూడా రాలేదు. బుద్ధున్నవాళ్లెవరైనా కొలతను అనుమానిస్తారు. నేను సూత్రాన్ని అనుమానించాను. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. కొలవకనే సూత్రం ఓడు అన్నాను నేను. 'ఈ సూత్రం అన్ని ఊళ్లలోనూ పనిచేయదు' అని నోటుపుస్తకంలో రాసి, కింద రెండు గీతలు కొట్టాను.

మేష్ట్రు అది చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"నువ్వే కొలిచినావా?"

"నేనే సార్. రెండుసార్లు కొలిచినా. సూత్రంలోనే ఏదో ఉండాది."

"సరేమ్మా. దారాలు తెచ్చినావు కదా, ఆ త్రిభుజాన్ని ఈడ నేలమీద పెట్టి చూపించు."

పెట్టాను. పొడుగు దారం పరిచి, దాని ఆ కొననొకటి, ఈ కొననొకటి చిన్న దారాలు ఆనించి, వాటి రెండో కొనలు కలపబోయాను. కలవలేదు. మధ్యలో మేకపిల్ల దూరేంత సందు మిగిలింది. లాగాను. ఒకటి పుటుక్కున తెగింది.

"దారం ముడుచుకున్నట్టుండాది సార్."

"సూత్రం పనిచేయకపోతే పోనీ. త్రిభుజమన్నా కావల్ల కదమ్మా."

క్లాసంతా ఘొల్లుమంది. గోడకు ఆనించిన నిచ్చెనను కొలుచుకొచ్చిన చివరి బెంచీ పిల్ల పోటీకి పోయింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. రెండూ ఇంటికి మోసుకెళ్లి అమ్మమీద దించాను.

"ఏం కొలిచినావు మా? నా పరువంతా పాయె."

"నువ్వు చెప్పినట్టే కొలిచినా. పొద్దున పోతానే నేల కొలిచినా. మధ్యాహ్నం బువ్వకు ముందర ఎత్తు కొలిచినా."

"పొద్దునొకటి, మధ్యాహ్నమొకటా?"

"తొందర లేదంటివి కదా. ఆ వరస పలకలు ఎండ యాడుంటే ఆడికి తిరుగుతాయి. పొద్దున నిక్కి నిలబడతాయి, మధ్యాహ్నానికి పడుకుంటాయి. మన మేకలకు కూడా తెలుసు ఆ సంగతి. నువ్వు ఎస్సెస్సెల్సీ కదా, నీకూ తెలుసనుకుంటి."

లెక్కల పుస్తకం మీద చెయ్యి వేశాను. ఇక నా చేత్తో నేను కొలవని దేన్నీ చూసి, వేల ఏళ్లనాటి సూత్రాన్ని తప్పుపట్టనని ప్రమాణం చేశాను. తప్పనిసరై పట్టాల్సి వస్తే, ఎన్ని గంటలకు కొలిచావని ముందు మా అమ్మను అడిగి, ఆ తర్వాతే పడతాను.