అడుగంటిన సూపు

సందు చివరి హోటల్లో వంటమాస్టరు ఇరవై ఏళ్లుగా ఒక్క గిన్నె కూడా మాడనివ్వలేదు. ఓడల్లో పనిచేసే బావమరిది సెలవులకు వచ్చినప్పటి నుంచి మాత్రం ఆయన కడుపు మండిపోతోంది. మధ్యాహ్నమయ్యేసరికి వాడు గల్లా పక్కన చేరి, ముప్పై దేశాల్లో తాను తిన్న హోటళ్ల గొప్పలు మొదలుపెట్టేవాడు. జనం చెంచాలు వదిలేసి వినేవారు. గల్లా మీద కూర్చునే మాస్టరు భార్య అయితే తెరిచిన నోరు మూసేది కాదు.

"అక్కా, ఆ రేవు హోటల్లో బల్ల దొరకాలంటే వరసలో నిలబడాలి. ఒక పెళ్లికొడుకు ఆ వరసలోనే తాతయ్యాడు!"

వంటింటి కిటికీ దగ్గర చెవి ఒగ్గిన మాస్టరు పొయ్యి సంగతి మరిచాడు. సూపు అడుగంటింది. మళ్లీ చేసే వ్యవధి లేక, పళ్లు నూరుకుంటూ అదే వడ్డించాడు.

బావమరిది ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. "బావా! అచ్చం ఆ రేవు హోటల్ రుచే! ఈ పొగ వాసన కోసమే అక్కడ కొట్టుకు చస్తారు."

అంతే, ఇంకో గిన్నె, ఇంకో గిన్నె అంటూ అందరూ ఒకటే గోల.

"ఇన్నాళ్లూ ఈ విద్య ఎక్కడ దాచారండీ?" అంది భార్య మురిసిపోతూ. ఆమె ఆయన వంటను మెచ్చుకోవడం అదే మొదలు.

"మీ తమ్ముణ్ణే అడుగు" అన్నాడు మాస్టరు.

మర్నాడు ఆయన మంట పెంచి, సూపుకు వీపు తిప్పి నిలబడ్డాడు. గరిటె కోసం లేస్తున్న చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.