రెండు దేశాల్లో ఒకే కుక్క

అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల పక్కన జిరాక్సు దుకాణాలు వరసగా ఉంటాయి. వాటి ముందు నుంచి నడిస్తే వేడి కాగితం వాసన వస్తుంది. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు సుశీలమ్మ మేడం గుర్తొస్తారు. మీరు ఆమెను చూడలేదు కదా, చెబుతాను. పొట్టి మనిషి, ముతక చీర, గోదావరి వైపు నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డవాళ్ల బిడ్డ. నారాయణగూడలో మా సర్కారు ఆఫీసుకు సూపరింటెండెంటు.

నా భర్త అక్కడే అటెండరు. ఆయన పోయాక ఆ నౌకరీ నాకిచ్చారు గానీ పక్కా చేయలేదు. సంతకం తప్ప నాకు రాత రాదు. ఫైళ్లు మోయడం, దబ్బనంతో కాగితాలు కుట్టడం నా పని. మొదటి వారంలోనే మేడం నా చెయ్యి ఆపారు.

"యాదమ్మా, ఏం కుడుతున్నావో చూస్తున్నావా?"

"నాకు సదువు రాదు మేడం."

"చదవమన్నానా? చూడమన్నాను. కళ్లు మూసుకుని కుట్టడానికి ఇదేమన్నా బొంతా?"

ఆ రోజు నుంచి ప్రతి కాగితమూ చూసే కుట్టాను.

మాది మురుగు కాలువల ఆఫీసు. కాలువలు తీసే యంత్రాలు చూసొస్తామని పెద్దసార్లు సర్కారు ఖర్చుతో విదేశాలకు పోయేవారు, తిరిగొచ్చి రిపోర్టు ఇచ్చేవారు. ఒకసారి ఎనిమిది మంది పోవడానికి కొత్త ఫైలు తయారైంది. పాత టూర్ల రిపోర్టులు రెండూ దానికి కలిపి కుట్టమన్నారు. కుడుతూ ఆగిపోయాను. రెండింట్లోనూ ఒకటే ఫోటో. యంత్రం, పక్కన దీపస్తంభం, స్తంభం దగ్గర కాలెత్తిన మచ్చల కుక్క.

"మేడం, ఇవి రెండు ఒక్క ఊరేనా?"

"ఊళ్లేంటమ్మా, దేశాలే వేరు!" మేడం రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. ఊరి పేరు మార్చి మిగతాదంతా మక్కీకి మక్కీ దింపారు. రెండోసారి పోయినవాళ్లు యంత్రం ముఖమే చూడలేదన్నమాట. మేడం నన్ను వెంటనే జిరాక్సుకు తోలి, నకళ్లు బీరువాలో దాచి, రెండో రిపోర్టు ఉత్త కాపీ అని ఫైలు మీద రాశారు. కనిపెట్టింది అటెండరు యాదమ్మ అని కూడా రాశారు.

"నా పేరెందుకు మేడం? మీరే సూసినట్టు రాయండ్రి. నౌకరి పోతే కిరాయి ఎవరు కడ్తరు?"

"నువ్వు చూసింది నాదని రాస్తే, వాళ్లకీ నాకూ తేడా ఏంటి?"

సాయంత్రం ఆ ఎనిమిది మందిలో ఒక పెద్దసారు వరండాలో అడ్డం నిలబడ్డాడు. "యాదమ్మా, నీ నౌకరి ఇంక పక్కా కాలే. జర యాదుంచుకో."

మర్నాడు అందరికంటే పై అధికారి మేడంనూ నన్నూ ఆ పెద్దసారునూ పిలిచారు. ఆ పెద్దసారు నవ్వుతూ అన్నాడు, "సార్, అక్షరం ముక్క రాని మనిషి. ఆమెకేం తెలుస్తది?"

మేడం మోచేత్తో నన్ను పొడిచారు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"అక్షరం రాదు సార్. కుక్క కనబడ్తది. రెండు దేశాలల్ల గదే కుక్క వచ్చి, గదే స్తంభం కాడ కాలెత్తిందా?"

పై అధికారి పగలబడి నవ్వారు. ఎనిమిది పేర్లూ ఎర్ర సిరాతో కొట్టేసి, "అసలు యంత్రం నడిపేదెవరు?" అని అడిగారు.

"డ్రైవరు మల్లేశం సార్. అతణ్ని ఒక్కసారీ పంపలేదు," అన్నారు మేడం, ఆ ప్రశ్న కోసమే కూర్చున్నట్టు.

మల్లేశం, ఒక చిన్న ఇంజనీరు పోయి నేర్చుకొచ్చారు. ఎప్పుడో కొన్నా సరిగా నడపడం రాక షెడ్డులో తుప్పు పడుతున్న యంత్రం చిక్కడపల్లి గల్లీలో గర్జించింది. మోకాళ్ల దాకా నిలిచిన నీళ్లు సర్రున దిగిపోతుంటే, నడుం మీద చేతులు పెట్టుకుని రాణిలా నిలబడ్డాను. ఆ ఏడే నా నౌకరీ పక్కా అయింది.

మేడం ఇప్పుడు లేరు. మొన్న ఒక ఫైలులో అంకెల వరస చూసి, పేజీలు తారుమారయ్యాయని చూపిస్తే, కొత్త సారు కళ్లు చిట్లించి, "ఎవరు చెప్పిన్రు?" అన్నాడు. వెనకటి నేనైతే గోడ వైపు చూసేదాన్ని.

"నేనే సార్. యాదమ్మను. పేరు రాసుకోండ్రి."